తండ్రి చూపు తగిలిన పాప

2004, వానాకాలం చివర. గద్వాలలో ఒక చిన్న పిల్లల ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. చుట్టుపక్కల చేలల్లో పత్తి పూత మీద ఉంది. ఆ రోజుల్లో మా వార్డుకు వచ్చే రైతుల బట్టలకే పురుగుమందు వాసన ఉండేది.

ఒక సాయంత్రం ధరూర్ వైపు పల్లె నుంచి ఐదు నెలల ఆడపిల్లను షేర్ ఆటోలో తెచ్చారు. తల్లి చెన్నమ్మ ఒడిలో పాప మెడ వాల్చేసి ఉంది. నోట్లోంచి చొంగ ధారకడుతోంది, ఒళ్లంతా చెమట, ఆగని వాంతులు. కనుపాపలు సూదిమొనంతకు కుంచించుకుపోయాయి. వీటిని పిన్‌పాయింట్ ప్యూపిల్స్ అంటాం. కొన్ని రకాల పురుగుమందులు ఒంట్లోకి పోయినప్పుడు కనిపించే గుర్తు ఇది. డాక్టరు గారు వెంటనే ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. కాసేపటికి చొంగ తగ్గింది, ఊపిరి తేలికపడింది.

అయితే ఇంకా పాకడమే రాని పిల్లకు విషం ఎక్కడిది?

"మందు డబ్బలు చేనుకాడ కొట్టంలనే ఉంటయి సిస్టరమ్మా. ఇంటికి తేనే తేము" అంది చెన్నమ్మ.

ఆమె అత్త బాలమ్మ దగ్గర మాత్రం జవాబు సిద్ధంగా ఉంది. "మందు లేదు, ఏం లేదు. తండ్రి సూపు తగుల్తుంది పిల్లకు. వాడెత్తుకున్న నాడే గిట్లయితది. మొన్న గూడ అయింది. గింత పెద్దగ గాలే, తెల్లారేసరికి తేరుకుంది."

"తండ్రి చూపు తగలడమేంది పెద్దమ్మా?"

"నా కడుపున పుట్టినోడే. నాకు వాని మీద పగనా? ఊర్ల ఏ మొగోడన్న పిల్లను భుజానేసుకొని తిరుగుతడా? వద్దురా అంటే ఇనడు. పుట్టెంటికలు తీసేదాక వాడు పిల్ల మొకం సూడొద్దని పంచాంగం సూసి అయ్యగారు చెప్పిండు. రేపు దవాఖానల కెల్లి సీదా పాన్‌గల్‌కు, తల్లిగారింటికి తోలుతం."

కాదనే ధైర్యం చెన్నమ్మకు లేదు.

నా నోటి దాకా వచ్చిన మాట 'మూఢనమ్మకం'. హేతువాద సభల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. కానీ ముసలామె మాటలో నమ్మకంతో పాటు ఇంకోటి కూడా ఉంది. అతను ఎత్తుకున్నాడు, పిల్లకు జబ్బు చేసింది. ఇది ఆమె కళ్లారా చూసిన విషయం. దాన్ని కాదనే హక్కు నాకు లేదు. ఎందుకు అలా అయిందన్నదే తేలాలి.

తండ్రి తిరుపతయ్య వరండాలో వార్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒంటి మీద ఇంకా చేలో వేసుకున్న బట్టలే ఉన్నాయి.

"లోపలికి రావేంది?"

"రాను సిస్టరమ్మా. బతుకుతదా బిడ్డ? అది చెప్పున్రి సాలు. నేను చూడకున్నా మంచిదే."

"తేరుకుంటుంది. నీతోనే పనుంది నాకు. పొద్దటి నుంచి ఏం చేసినవ్?"

"మందు కొట్టిన. ఇంటికొచ్చిన, పిల్ల నవ్వింది, ఎత్తుకున్న. గంతే."

"ఎట్ల ఎత్తుకుంటవు?"

కుడి భుజం తట్టి చూపించాడు. "గీడ ఏసుకుంట. రుమాలు నోట్ల పెట్టుకొని సప్పరించుకుంట ఊకుంటది."

ఆ భుజం మీద చొక్కా ఇంకా తడిగానే ఉంది. వీపున మోసే స్ప్రేయర్ పంపు కారుతుంది. కారిన మందు భుజానికీ వీపుకూ పడుతుంది. దగ్గరికి పోతే ఘాటుకు నాకే ముక్కు మండింది. మందు కొట్టేటప్పుడు ముక్కుకు చుట్టుకున్న రుమాలు కూడా అదే భుజం మీద ఉంది.

"వాన పడి మందు కొట్టని రోజుల్లో ఎత్తుకోలేదా?"

"పోయిన వారం ముసురు పట్టింది గద. దినాం ఎత్తుకున్న. ఏం గాలే..." ఆ మాట అంటూనే భుజం వైపు చూసుకున్నాడు. ఎవరో నిప్పు పెట్టినట్టు రుమాలు లాగి దూరంగా పడేశాడు.

"నీకు తలనొప్పి గిట్ల వస్తదా?"

"మందు కొట్టిన దినం కండ్లు మసకలైతయి. అందరికీ అయితయి గద!"

అదీ మన వ్యవసాయం! డబ్బా అమ్మినవాడు ఎకరానికి ఎంత పోయాలో చెప్పాడు గానీ, ఇంటికెళ్లి పిల్లను ముట్టుకునే ముందు స్నానం చేయమని చెప్పలేదు. తండ్రిని పిల్ల నుంచి వేరు చేయడానికి ఊరంతా సిద్ధమైంది. చొక్కాను పిల్ల నుంచి వేరు చేయాలని ఒక్కరికీ తోచలేదు.

బాలమ్మకు ఇదంతా చెబితే నమ్మలేదు. "సదువుకున్నోళ్లు ఏదన్న చెప్తరు తీ" అంది. పిల్ల కోలుకున్నాక, ఇంటికి పంపే ముందు, తిరుపతయ్యతో ఆసుపత్రి కొళాయి దగ్గర సబ్బుతో తలస్నానం చేయించి, ఉతికిన బట్టలు కట్టించాం. పాపను అతని చేతుల్లో పెట్టాను. పాప అలవాటుగా భుజం మీద మూతి పెట్టి, చొక్కా అంచును చప్పరించడం మొదలుపెట్టింది. ముసలామె కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. మధ్యలో లేచి వెళ్లి పిల్ల నోరు తుడిచి చూసింది. ఏమీ కాలేదు. పాప భుజం మీదే నిద్రపోయింది.

"సూపు గాదు, సొక్కనా!" అంది బాలమ్మ చివరికి. తర్వాత కొడుకు మీదికే లేచింది: "నీళ్లు పోసుకొని ఎత్తుకోనీకె ఏం రోగంరా నీకు?"

పాన్‌గల్ ప్రయాణం ఆగిపోయింది.

అప్పటి నుంచి కొత్తగా తండ్రి అయిన ప్రతి రైతుకూ చెబుతూ వచ్చాను. మందు కొట్టిన బట్టలు గుమ్మం బయటే విప్పు. పిల్ల గుడ్డలతో కలిపి ఉతకనీయకు. తలతో సహా స్నానం చెయ్యి. ముక్కుకు కట్టుకున్న గుడ్డను పిల్ల దగ్గరికి రానీయకు. ఇంత చేశాక మాత్రం ఎత్తుకోకుండా ఉండకు. మగవాడు పిల్లను ఎత్తుకోవడం సిగ్గనే మాట పురుగుమందు కంటే తక్కువ విషమేమీ కాదు.

నా మట్టుకు నేను నేర్చుకున్నది వేరే ఉంది. బాలమ్మ చూసింది నిజమే. జబ్బు చేసిన రోజులు ఆమెకు గుర్తున్నాయి, అతను ఎత్తుకున్నా జబ్బు చేయని రోజులు గుర్తులేవు. ఆ తేడాలోనే అయ్యగారు దూరాడు. మూఢనమ్మకమని ఆమె నోరు మూయించి ఉంటే వాదంలో నేను గెలిచేదాన్ని, పిల్ల మళ్లీ ఆ తడి భుజం మీదికే పోయేది. ప్రశ్నించడమంటే ఎదుటివాళ్లను ఓడించడం కాదు, వాళ్లు ఆగిపోయిన చోటి నుంచి ఇంకొక్క ప్రశ్న అడగడం.