దాణా వేయని సాయంత్రం

నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. అందుకే ఇది ముందే రాయలేకపోయాను. వచ్చాక కూడా ఈ సంగతి రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇవాళ తూంకుంటలో బస్సు దిగేసరికి ఎవరో లారీలోంచి వరి పొట్టు దింపుతున్నారు. ఆ పొడి వాసనకు సునీత మేడం గుర్తొచ్చింది.

శామీర్‌పేట దగ్గర మందుల మీద పరిశోధన చేసే చోట నేను ఎలుకల గది చూసుకునేదాన్ని. బోనుల్లో పొట్టు మార్చడం, నీళ్ళు పెట్టడం, దాణా వేయడం నా పని. మేడం అక్కడ పరిశోధకురాలు. ఎలుకలకు ఒక రసాయనం నూనెలో కలిపి సూదితో ఎక్కించేది. వారాలు గడిచేకొద్దీ వాటి కాలేయం గట్టిపడేది. అప్పుడు కొన్నింటికి కొత్త మందు ఇచ్చి చూసేది. జీడిమెట్లలో రంగుల కంపెనీలో పనిచేసిన వాళ్ళ నాయిన కాలేయం చెడిపోయే చనిపోయాడని ఒక్కసారి చెప్పింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎలుకల్ని కోసి పరీక్షించే ముందు రోజు సాయంత్రం మేడం బోనులకు కాగితాలు అంటించి వెళ్ళింది. నాకు చదవడం రాదని ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. దాణా గిన్నెలు ఖాళీగా కనిపించాయి. పొద్దుటి పనివాళ్ళు వేయడం మరిచిపోయారనుకున్నాను. సంచిలో మిగిలిన దాణా వేస్తే చివరి వరుసలోని నాలుగు బోనులకే సరిపోయింది.

వారం తర్వాత మేడం పరుగున వచ్చింది.

"అక్కా, మందు పన్జేస్తున్నట్టుంది! కాలేయంల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటయి. ఆ కబురు మోసే ఎంజైమ్ రసాయనంతోని మందగిస్తది. మందిచ్చిన నాలుగు బోన్లల్ల మల్ల మంచిగ నడుస్తాంది."

"ఏ నాలుగు మేడం?"

"చివరి వరుసవి."

"కోసే ముందు రోజు వాటికి నేను దాణా ఏసిన మేడం."

"వెయ్యొద్దని రాసి అంటించిన గదక్కా?"

"నాకు సదువు రాదు."

మేడం స్టూలు మీద కూర్చుండిపోయింది. "కడుపుల తిండి పడ్డా గా కబురు మారుతది అక్కా," అన్నది. నన్ను తీసేయమని పైవాళ్ళు అంటే ఒప్పుకోలేదు. "ఆమె చెప్పకపోతే నేను అబద్ధం రాసేదాన్ని," అన్నది. కానీ అంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. నేను జాలిపడి వేసిన దాణాకు ఇంకో విడత ఎలుకలు ఆ సూది పొడిపించుకున్నాయి.

ఆ వారాల్లోనే అన్నం తినే వేళ మేడం నాకు అక్షరాలు దిద్దించింది.

"గీ ఎలుకలే నీకంటే జల్దీ నేర్చుకుంటయ్ అక్కా."

"వాటికి మొగడికి టిఫిన్ కట్టే పని లేదు గద మేడం."

రెండోసారి ఆ మందు పనిచేయలేదని తేలింది. మేడం ఉన్నది ఉన్నట్టు రాసి, కొన్నాళ్ళకు వేరే ఊరు వెళ్ళిపోయింది. నాకు తెలియనిది తెలియదని ఇప్పుడు ఎవరి ముందైనా చెబుతాను. అది ఆమె వల్ల వచ్చింది. ఆ రెండో విడత చివరి సాయంత్రం మాత్రం నన్ను వదలదు. "దాణా వేయకండి" అని కాగితం మీద కూడబలుక్కుని చదివాను. కాలేయం చెడి పొట్టలు ఉబ్బిన ఎలుకలు కమ్మీల దగ్గరికొచ్చి నా వేళ్ళు వాసన చూశాయి. సంచి మూతి కట్టేసి ఇంటికి వెళ్ళాను.

మరుసటి ఉదయం అందరికంటే ముందు వెళ్ళి, ఒక్కొక్క బోనునూ నా చేతులతోనే మేడం వాటిని కోసే బల్ల దగ్గరికి మోశాను.