ఆరు పోగుల జరీ, మూడు టన్నుల లారీ

నలభై ఎనిమిది అక్టోబరు. మధ్యాహ్నం నాలుగుంపావుకు కాశ్మీరు యుద్ధంలో మా పటాలం స్థావరం చేరాం. ఏడు గుడారాలు, ఒక వంటశాల, ఒక బోర్డు. బోర్డు మీద "8,200 అడుగులు" అని ఉంది. ఊపిరాడనివాడికి ఆ సంగతి బోర్డు చెప్పక్కర్లేదు. ఊపిరి ఆడేవాడు బోర్డులు చదవడు. నా దగ్గర రెండు ఉన్ని స్వెట్టర్లు, ఒక పనిముట్ల సంచి, ఎడమ చేతిది చిరిగిన ఉన్ని తొడుగుల జత. కుడి జబ్బకి మా అవ్వ కట్టిన తాయెత్తు.

మా నేతగాళ్ళ ఊరు దొడ్డబళ్ళాపురం తిరిగొచ్చాక అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఎంతమందిని చంపినావప్పా?" చంపింది ఒక ఇంజన్‌ని. దాన్ని చంపే ఏర్పాటు బెంగళూరులోనే చేసుకుని పోయాను.

ఆ సంగతి ముందు చెప్పాలి. మా లారీ మూడు టన్నులు మోసేది. కొండదారుల కోసమని బెంగళూరు వర్క్‌షాపులో దాన్ని మార్చాం. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందేలా చేశాం, పెద్ద టైర్లు వేశాం, ఇంకో పెట్రోలు ట్యాంకు తగిలించాం. ఇన్ని హంగులు మొయ్యలేక లారీ ఈసురోమంది. అందరూ తల గోక్కుంటుంటే తెలివైనవాణ్ణి నేనున్నాను కదా. కార్బురేటర్‌లో జెట్టు అని చిటికెన వేలి గోరంత ఇత్తడి మర ఉంటుంది. దాని నడుమ సన్నటి బెజ్జం. ఇంజను తాగే పెట్రోలంతా ఆ బెజ్జంలోంచే పోవాలి. నేను ఆ బెజ్జం పెద్దది చేశాను. ఎక్కువ తాగితే ఎక్కువ లాగుతుందని నా సిద్ధాంతం.

పరీక్షకు మా ఊరి పక్క నంది కొండ ఎక్కించాం, ఎత్తు అయిదు వేల అడుగులకు లోపే. ఇరవై ఇసుక మూటలు, ఎనిమిది మంది మనుషులు. ఎక్కడా ఆగకుండా ఎక్కింది. మా ఊరివాళ్ళకు నంది కొండను మించిన కొండ లోకంలో లేదు. పైన మేజరు గారు నా భుజం తట్టి, "దీని ముందు హిమాలయం ఎంత?" అన్నారు. హిమాలయాన్ని ఎవరూ అడగలేదు. చేసినవాడే వెంట ఉండాలని మెకానిక్కుగా నన్నూ లారీతో పంపారు.

చేరిన మూడో రోజు ఉదయం ఆరుకు హుకుం వచ్చింది. పన్నెండు డ్రమ్ముల కిరోసిన్ పై శిబిరానికి చేర్చాలి. ఎత్తు పన్నెండు వేల నాలుగు వందలు. దూరం పద్ధెనిమిది మైళ్ళు. మధ్యాహ్నం మూడు దాటితే పెద్ద మంచు పడవచ్చు. పడితే దారి ఎన్నాళ్ళు మూసుకుంటుందో చెప్పేవాడు లేడు. పైన పదిహేడు మంది ఉన్నారు.

లారీలో ముగ్గురం. డ్రైవరన్న ముళబాగిలు వాడు, కొండదారిలో బండి తోలడం ఆయనకు మంచినీళ్ళు తాగినట్టు. మా పెద్ద సుబేదారు సాబ్ చిత్తూరు వాడు, నవ్వితే పదవి ఊడుతుందేమోనని భయం. మూడోవాణ్ణి నేను. బయల్దేరేటప్పుడు సాబ్ వైర్‌లెస్ పెట్టె విప్పారు. పలికిన పై శిబిరం ఆపరేటరు బెంగళూరు పక్క కుందలహళ్ళి రాగి చేలోంచి పటాలంలో చేరినవాడు.

"ఏమప్పా, బయల్దేరినారా? స్టవ్వులకు ఇంగ ఒక పూటకే ఉండాది. మంచు కరిగిస్తేనే నీళ్ళు, నీళ్ళుంటేనే అన్నం. ఓవర్."

"మధ్యాహ్నం రెండుకల్లా మీ ముందుంటాం. ఓవర్," అన్నారు సాబ్.

"వంటోడు అప్పుడే బియ్యం కొలిచినాడు సాబ్. వాడికి నమ్మకం ఎక్కువ. ఓవర్."

ఆరున్నరకు కదిలాం. ముందురోజు పడ్డ మంచు దారి పక్కన జానెడు మందాన ఉంది. తొమ్మిదిన్నర వేల అడుగుల దగ్గర వెనక నల్లపొగ మొదలైంది. "మనం వస్తన్నామని పైవాళ్ళకు తెలుస్తుందిలే," అన్నాడు డ్రైవరన్న. పదివేల దగ్గర రెండో గేరు. పదిన్నర వేల దగ్గర ఒకటో గేరు. మా పక్కన మూట మోసుకుని నడుస్తున్న ముసలాయన ఒకడు మమ్మల్ని దాటిపోయాడు. పోతూ జాలిగా చూశాడు. పదిగంటల నలభై నిమిషాలకు, పదకొండు వేల అడుగుల మలుపులో, లారీ రెండుసార్లు దగ్గి ఆగింది.

డ్రైవరన్న దిగి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. గడ్డకట్టిన నిమ్మకాయ. లారీ దాని మీదికి కూడా ఎక్కలేదు.

"చలికి ఇంజను బిగుసుకుంది, చోక్ లాగు," అన్నారు సాబ్. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పెరుగుతుంది. లాగాం. పొగ ఎంత నల్లగా వచ్చిందంటే సాబ్ మీసానికి పదేళ్ళ వయసు తగ్గింది. మళ్ళీ ఆగింది. నేను స్పార్క్ ప్లగ్గు విప్పి చూశాను. మసి పేరుకుని కాటుక భరిణెలా ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

పైన గాలి పల్చన. ఇంజను పీల్చే గాలి సగానికి సగం కాకపోయినా బాగానే తగ్గిపోయింది. పెట్రోలు మాత్రం నేను తవ్విన బెజ్జంలోంచి నంది కొండ మీద పోసినంతా పోస్తూనే ఉంది. చిటికెడు సంగటికి కుండెడు పులుసు. అది మండేదెలా, లాగేదెలా?

"సాబ్, జెట్టు బెజ్జం పెద్దదైపోయింది," అన్నాను.

"దానంతటదే అయిందా?"

"లేదు సాబ్. ఒకడు చేశాడు."

"ఎవడు వాడు? పేరు చెప్పు, రిపోర్టు రాస్తా."

నా పేరు చెప్పాను. సాబ్ తీసిన పెన్సిలు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఇలాంటప్పుడు కొండలు కూడా మౌనం వహించాయని రాయాలట. వహించలేదు. గాలి మామూలుగానే ఈల వేస్తోంది, డ్రైవరన్న మామూలుగానే తిడుతున్నాడు.

వైర్‌లెస్ గరగరమంది. "ఏమప్పా, యాడుండారు? ఓవర్."

"పదకొండు వేల మలుపులో. చిన్న మరమ్మతు. ఓవర్."

"సరే సాబ్. ఈడ కడపటి స్టవ్ కూడా ఆరిపోయినాది. వంటోడు బియ్యం ముందర పెట్టుకుని కూచుండాడు. ఓవర్." ఈసారి వాడి గొంతులో ఎగతాళి లేదు. ఆ రోజు నన్ను భయపెట్టింది అదొక్కటే.

వేరే జెట్టు లేదు. ఉన్న బెజ్జాన్నే ఇరుకు చెయ్యాలి. పనిముట్ల సంచిలోని తీగ దూర్చాను. అది మరీ లావు, పెట్రోలు దిగక ఇంజను అసలు అందుకోలేదు. ఇంకా సన్నటి తీగ కావాలి. చెయ్యి జబ్బ మీదికి పోయింది. అవ్వ తాయెత్తు కట్టింది మగ్గం మీద మిగిలిన జరీ పోగులు పేనిన తాడుతో. నేను ఊరు విడిచే రోజున, "దీన్ని ఇప్పినావంటే నా మీద ఆన," అని కూడా చెప్పింది.

ఇప్పాను.

జరీ అంటే పట్టు నూలుకు చుట్టిన వెండి తీగ. చిరిగిన పట్టుచీర నుంచి వెండి కావాలంటే మా వీధిలో చీరను కాలుస్తారు. పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. నేనూ అదే చేశాను. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, మూడోది అంటుకుంది. పట్టు కాలిన వాసనకు డ్రైవరన్న ముక్కు మూసుకుని, "పెళ్ళిచీర తగలబెట్టినట్టుండాదప్పా," అన్నాడు. తాయెత్తును మాత్రం జేబులో పెట్టుకున్నాను. దానికీ ఇంజనుకూ సంబంధం లేదని నా అభిప్రాయం, కానీ వాదించే చోటు అది కాదు.

నాలుగు పోగులు కలిపి మెలిపెట్టి బెజ్జంలో దూర్చి, పెట్రోలుతో పోకుండా రెండు కొసలూ వంచాను. ఇంజను అందుకుంది, పొగ తగ్గలేదు. విప్పి ఎనిమిది చేశాను. ఇంజను తుమ్మింది, కార్బురేటర్ నోట్లోంచి మంట వచ్చి నా కనుబొమ్మ పోయింది. ఆరు చేశాను. ఒక్కోసారి విప్పి బిగించడానికి ముప్పావు గంట పట్టింది, వేళ్ళు నావి కాకుండా పోయినందువల్ల. ఒంటి గంట దాటాక ఆరు పోగుల మీద ఇంజను తిరిగింది. దగ్గు లేదు. డ్రైవరన్న తల బయటపెట్టి వెనక్కి చూసి, "ఏమప్పా, పొగ యాడబోయినాది?" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

నంది కొండ నాటి బలం రాలేదు, రాదు కూడా. గాలి లేనిచోట ఏ జరీ గాలిని పుట్టించదు. కానీ ఒకటో గేరులో ఆగకుండా ఎక్కింది. రెండూ ముప్పై అయిదుకు పై శిబిరం చేరాం. పదిహేడు మందీ ఖాళీ కిరోసిన్ డబ్బాలు బోర్లించుకుని, దారివైపు ముఖాలు పెట్టి, బంతి భోజనానికి కూర్చున్నట్టు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ జై కొట్టలేదు. వంటవాడు లేచి ఒక డ్రమ్ము దొర్లించుకుపోయాడు. ఆపరేటరు నా ముఖం చూసి, "ఒక కనుబొమ్మ ఏమాయనప్పా?" అన్నాడు.

"స్టవ్వు లేదన్నావు కదా, అందుకే మంట తెచ్చినా," అన్నాను. వాడు నవ్వుతూ నవ్వుతూ ముఖం అటు తిప్పుకున్నాడు. వాడి పెదవులు పగిలి ఉన్నాయి.

టీ తాగి మూడుంపావుకు దిగడం మొదలుపెట్టాం. రెండో మలుపులో సాబ్ లారీ ఆపించి కిందికి చూపించారు. అక్కడినుంచి మేం వచ్చిన దారి మొత్తం కనిపిస్తోంది. తొమ్మిదిన్నర వేల అడుగుల దగ్గర మొదలై, మలుపు మలుపునా, తెల్లటి మంచు మీద నల్లటి మసి గీత. మైళ్ళ పొడవున. పదకొండు వేల మలుపు దగ్గర గీత ఆగిపోయింది. అక్కడినుంచి పైకి అంతా తెలుపే.

"ఎవడు చేశాడో రిపోర్టు అక్కర్లేదు. నువ్వే రాసుకున్నావు," అని నవ్వారు సాబ్. ఆయన పదవి ఊడలేదు.

మేం చూస్తుండగానే కొత్త మంచు పడడం మొదలైంది. కాసేపట్లో గీత మాసిపోయింది. కాబట్టి ప్రభుత్వం దగ్గర నా తప్పుకు ఆధారాలు లేవు.

ఈ ఏడు మార్చిలో ఇంటికి వచ్చాను. అవ్వ మొదట జబ్బ తడిమింది. "తాడు యాడరా?"

"లారీకి కట్టినా అవ్వా."

అవ్వ నా జబ్బ వదిలింది. "పోనీలే. అది కూడా మనోళ్ళను మోసేదే గదా," అంది.

ఇప్పుడు మళ్ళీ బెంగళూరు వర్క్‌షాపులోనే పని. వారానికొకడైనా వచ్చి, "జెట్టు బెజ్జం కొంచెం పెద్దది చెయ్యప్పా, బాగా లాగుతుంది," అంటాడు. నేను పనిముట్టు చేతిలోకి తీసుకుంటాను. తీసుకోగానే కొండ పొడవునా ఆ నల్లగీత కనబడుతుంది. దాని చివర, తెలుపు మొదలయ్యే చోట, ముగ్గురం నిలబడి కాలిన పట్టు వాసన పీలుస్తుంటాం.

పనిముట్టు కింద పెట్టి అడుగుతాను: "బండి ఏ కొండ ఎక్కాల?"