పుట్టకముందు అల్లిన స్వెట్టర్

హామిల్టన్‌లో మా వీధికి డిసెంబరు వచ్చిందని నాకు చెప్పేది రంగు బల్బులు కాదు, మా పక్కింటావిడ వరండాలోని ఊలు బుట్ట. భూగోళంలో దక్షిణాన ఉన్న ఆ దేశంలో క్రిస్మస్ నడి వేసవిలో వస్తుంది. బయట ఎండ మండిపోతుంటే ఆవిడ పక్కన ఫ్యాన్ పెట్టుకుని చలికాలపు టోపీలు అల్లుతూ కూర్చునేది. "ఈ ఎండలో ఇవెవరు పెట్టుకుంటారు?" అని మొదటి ఏడాది అడిగాను. "జూన్‌లో నీ కూతురి చెవులు చలికి ఎర్రబడతాయి కదా, అప్పుడు తలుచుకుందువుగానిలే" అంది. జూన్‌లో నిజంగానే తలుచుకున్నాను.

ఆవిడకు పిల్లలు లేరు. భర్త ఎప్పుడో పోయాడు. క్రిస్మస్‌కి వీధిలోని పిల్లలందరికీ తన చేత్తో ఏదో ఒకటి అల్లి, గోధుమరంగు కాగితంలో చుట్టి, బంగాళాదుంపను నక్షత్రంలా చెక్కి రంగులో ముంచి ఆ కాగితం మీద ముద్రలు వేసి, ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చేది. బహుమతి కొట్లో కొని ఇవ్వడమంటే ఆవిడ లెక్కలో వట్టి బద్ధకం. ఈ విషయంలో ఆవిడ ఎవరి దగ్గరా మొహమాటం పెట్టుకోదు. ఒకసారి మా ఆయన ఖరీదైన టీ కప్పులు కొనిచ్చి మురిసిపోతుంటే, "బాగున్నాయి, మీ ఆవిడ చేసే ఆ ఇసుక ఉండలు లేవా?" అని అడిగేసింది. ఇసుక ఉండలంటే సున్నుండలు. నేను ఏటా క్రిస్మస్‌కి ఆవిడకు చేసి ఇచ్చేది అవే.

మా అమ్మాయికి "ఆంటీ అని పిలువు" అని నేర్పినప్పుడు ఆవిడ పగలబడి నవ్వింది. "నాకు తోడబుట్టినవాళ్ళే లేరు, నేను ఆంటీని ఎలా అవుతాను?" అంది. మాలో ఆంటీ కావడానికి అవేవీ అక్కర్లేదని చెప్పాను. ఆ పిలుపు ఎంత నచ్చిందో ఏమో, మాకు ఫోన్ చేసినప్పుడు కూడా "ఆంటీని మాట్లాడుతున్నా" అనేది. నాకు అప్పట్లో డ్రైవింగ్ రాదు. ఆ ఊళ్ళో కారు నడపలేని మనిషి కాళ్ళు లేని మనిషి కిందే లెక్క. మా ఆయన ఆఫీసుకు వెళ్ళిపోయాక నాతో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే. సూదులు పట్టుకోవడం, కుట్టు జారిపోతే మళ్ళీ ఎక్కించుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ లేకపోతే నేను ఆ దేశంలో నిలబడి ఉండేదాన్ని కాదు. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

రెండోసారి కడుపుతో ఉన్న ఏడాది, జనవరి ఆఖరుకు పురుడు వస్తుందన్నారు. సాయానికి మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చారు. వస్తూ వస్తూ మామగారి పాత పంచెలు ఉతికి, మెత్తగా మడత పెట్టి తెచ్చారు. మా వైపు పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్త బట్టలు కుట్టరు, కొనరు. బిడ్డ భూమ్మీద పడి, పురిటి స్నానం అయ్యేదాకా పాత గుడ్డలే. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. చెప్పడానికి కూడా భయమే.

ఈ సంగతి పక్కింటి ఆంటీకి ఎవరు చెప్పారు కనుక? నాకూ తట్టలేదు. క్రిస్మస్‌కి వారం ముందు ఆవిడ మామూలుగా తన పొట్లాలు పట్టుకుని వచ్చింది. మా అమ్మాయికి ఉన్ని కుందేలు. నా చేతిలో పెట్టిన పొట్లంలో లేత పసుపు రంగు స్వెట్టర్, అదే రంగు టోపీ, మేజోళ్ళు. బొత్తాలు పెసరగింజలంత ఉన్నాయి. "ఆడపిల్లయినా మగపిల్లాడైనా పసుపు నప్పుతుంది" అంది ఆంటీ. నేను దాన్ని చెంపకు ఆనించుకున్నాను. ఆవిడ అటు వెళ్ళగానే మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఏవిటే అమ్మాయ్ అదీ? పుట్టకుండానే బట్టలేవిటి?"

"ఇక్కడ అందరూ ఇస్తారు అత్తయ్యా. చేత్తో అల్లి ఇచ్చారు, వద్దంటే బావుంటుందా?"

"వద్దన్లేదు కదా, పుచ్చుకున్నావుగా. గుమ్మం లోపలికి మాత్రం తేకు. నా మాట విను."

నాకు ఒళ్ళు మండింది. అయినా నిండు నెలల్లో పోట్లాట ఎందుకని స్వెట్టర్ గ్యారేజీలో, గడ్డి కోసే మిషన్ పైనున్న అరలో పెట్టాను.

క్రిస్మస్ వెళ్ళింది. కొత్త సంవత్సరం ఇంకా రాలేదు. ఒక పొద్దున కడుపులో కదలిక ఆగిపోయింది. మిడ్‌వైఫ్ వచ్చి గుండె చప్పుడు కోసం చాలాసేపు వెతికింది. మిషన్ తప్పేమోనని మరోచోట పెట్టి వెతికింది. ఆసుపత్రిలో వాళ్ళు నన్ను బాగానే చూసుకున్నారు. నొప్పులు తెప్పించి బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల. ఎందుకిలా జరిగిందో చెప్పలేమన్నారు. ఒక్కోసారి ఇలా జరుగుతుందన్నారు. ఆ మాట విని ఊరుకోవడం కన్నా కష్టమైన పని నేను జన్మలో చేయలేదు.

నర్సు మెల్లగా దగ్గరికొచ్చి, "పాపకు తొడగడానికి ఏమైనా తెచ్చుకున్నారా?" అని అడిగింది. ఇంట్లో ఉన్నవి పంచె ముక్కలే. నేను మా ఆయన వైపు తిరిగి, "గ్యారేజీలో ఉంది, తీసుకురా" అన్నాను. వాళ్ళ అమ్మ ఏమంటుందోనని ఆయన తటపటాయించాడు. "తీసుకురా" అని అరిచాను. స్వెట్టర్ కాస్త పెద్దదయింది. చేతులు కనిపించలేదు. పసిబిడ్డలను మాలో దహనం చేయరు కాబట్టి ఆ స్వెట్టర్‌తోనే, టోపీతోనే పాపను పూడ్చాం. ఆవిడ చేసిన బట్టల్లో పాప వెళ్ళిందని ఆంటీకి చెప్పాలని నాకు చాలా ఉండేది. నాకు మిగిలిన మంచి సంగతి అదొక్కటే.

మేం ఇంటికొచ్చాక మా అత్తగారు కాకినాడలోని చెల్లెలికి ఫోన్ చేశారు. ఏడుస్తూ గట్టిగానే మాట్లాడారు. "ముందుగా బట్టలల్లి బిడ్డని పొట్టన పెట్టుకుందే ఆ పక్కింటి ముసలిది!" ఈ మాట పక్క గదిలో పడుకున్న నాకు వినపడింది. అత్తగారి కాళ్ళ దగ్గర కుందేలుతో ఆడుకుంటున్న మా అమ్మాయికీ వినపడింది.

పొట్టన పెట్టుకోవడమంటే ప్రాణం తీయడమని తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రోగం పొట్టన పెట్టుకుంటుంది, ఏరు పొట్టన పెట్టుకుంటుంది. ఆ మాట అనేటప్పుడు ఎవరికీ నిజం పొట్ట గుర్తుకు రాదు. మా అమ్మాయి అక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. దానికి తెలిసిన పొట్ట ఒక్కటే. కొన్ని నెలలుగా మేమే దానికి చెబుతూ వచ్చాం: చెల్లి అమ్మ పొట్టలో ఉంది, చెల్లి అమ్మ పొట్టలో నిద్రపోతోంది అని.

మర్నాడు ఆంటీ వండిన కూర గిన్నె పట్టుకుని వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను తలుపు తీసి ఏదో అనేలోపు మా అమ్మాయి నన్ను దాటుకుని వెళ్ళి, ఆంటీ పొట్ట మీద చెయ్యి వేసింది. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా అంది.

"ఆంటీ, నువ్వు బట్టలు అల్లి మా చెల్లిని నీ పొట్టలో పెట్టుకున్నావని నానమ్మ చెప్పింది. ఇంక మాకు ఇచ్చేస్తావా, ప్లీజ్?"

ఏదైనా అడిగేటప్పుడు ప్లీజ్ అనాలని దానికి నేర్పింది ఆంటీయే.

"పిల్ల ఏమంటోంది?" అని ఆంటీ నన్ను అడిగింది. చిన్నపిల్ల మాటలే, పట్టించుకోకండి అనబోయాను. ఈలోగా నా వెనక మా అత్తగారు నుదురు కొట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, కానీ మనవరాలి చెయ్యి ఎక్కడుందో చూశారు. ఇవి చిన్నపిల్ల మాటలు కావని ఆంటీకి అక్కడే తెలిసిపోయింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మా వైపు ఒక ఆచారం ఉందన్నాను. అరిష్టం అన్న మాటకు నా దగ్గరున్న ఇంగ్లీషు బ్యాడ్ లక్ ఒక్కటే. అది లాటరీ తగలనప్పుడు అనుకునే మాట.

"అయితే నేను ఇచ్చిన దానివల్లే జరిగిందని అనుకుంటున్నారా?"

"నేను అనుకోవడం లేదు" అన్నాను. 'నేను' అన్న మాటను ఒత్తి పలికాను. మిగతావాళ్ళు అనుకుంటున్నారని ఆ ఒత్తుతోనే చెప్పేసినట్టయింది. కంగారులో, దాచుకున్న మంచి సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. "పాప మీ స్వెట్టర్ తొడుక్కునే వెళ్ళింది. దాంతోనే పూడ్చాం."

ఆవిడ మొహంలో నెత్తురు లేదు. "దాంతోనా?" అంది. గిన్నె మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు మా అత్తగారిని నేను అనని మాట లేదు. అన్నీ విన్నారు. ఆఖరికి, "నా మొదటి బిడ్డకి పట్టు టోపీ కుట్టుకున్నానే. టోపీ మిగిలింది" అన్నారు. నాకు జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తర్వాత చాలాకాలం మా అమ్మాయి కంచె సందులోంచి ఆంటీ పొట్ట వైపే చూసేది. ఎన్ని విధాల చెప్పినా, పెద్దవాళ్ళు తన దగ్గర దాస్తున్నారన్న అనుమానం దానికి పోలేదు. ఆంటీ బట్టలు ఆరేసుకోవడం కూడా ఇది బడికి వెళ్ళాకే. నేను పలకరిస్తే పలికేది. లోపలికి రమ్మనేది కాదు.

మరుసటి క్రిస్మస్‌కి వీధిలో అందరి గుమ్మాల్లోనూ నక్షత్రాల ముద్రలున్న కాగితం పొట్లాలు కనిపించాయి. మా గుమ్మంలో సూపర్‌మార్కెట్‌లో కొన్న చాక్లెట్ల పెట్టె ఉంది. దాని రిబ్బను కూడా కొట్టువాళ్ళు కట్టినదే. తలుపు కొట్టకుండా పెట్టి వెళ్ళిపోయింది. ఆ పెట్టె చూస్తే ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. మినప్పప్పు వేయించి, పొడి చేసి, బెల్లం కలిపి, నెయ్యి పోసి సున్నుండలు చుట్టుకుని ఆవిడ తలుపు కొట్టాను. నాకు మళ్ళీ కడుపు. అప్పటికే బయటికి తెలుస్తోంది.

ఆవిడ తలుపు సగమే తీసింది. వెనక కుర్చీలో సూదులకు వేలాడుతూ ఎవరి పిల్లకో సగం అల్లిన టోపీ ఉంది. ఆవిడ చూపు నా కడుపు మీద పడింది. వెంటనే ఒక అడుగు పక్కకు జరిగి, ఆ కుర్చీ నాకు కనపడకుండా నిలబడింది.

"నా బిడ్డకీ ఒకటి అల్లండి" అన్నాను. "పుట్టాక కాదు. ఇప్పుడే, నేను చూస్తుండగా అల్లండి. నాకు భయం లేదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నీకు లేదని నాకు తెలుసు. ఇలాంటివి నేనూ నమ్మను" అంది. "కానీ ఆ చిన్నది మళ్ళీ వచ్చి, నా పొట్ట మీద చెయ్యి వేసి ఇచ్చెయ్యమని అడిగితే, నేను బతకలేను."

సున్నుండల డబ్బా అందుకుని, థాంక్స్ చెప్పి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.