టేబుల్ ఫ్యాను ముందర సలోమి

ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో మా పక్కింటి హన్నమ్మను మించినవాళ్లు లేరు. ఏదో ఒక సీటు దొరికితే చాలదు ఆమెకు. డ్రైవరు వెనక, కిటికీ పక్కదే కావాలి. ఎనిమిదేళ్ల కూతురు సలోమి ఇంకోదాంట్లో కూర్చోదు. కూర్చోబెడితే శిరివెళ్ల దాకా అరుస్తుంది. గొంతు పోయాక కూడా అరుస్తుంది.

అది ఎనభైమూడు, బళ్లు తెరిచిన నెల. ఆ రోజు హడావిడిలో హన్నమ్మ సంచిలోంచి లాగి విసిరింది తువ్వాలు కాదు. తువ్వాలు ఇంట్లోనే ఉండిపోయింది. శ్రీశైలంలో డ్యాం పనికి పోయిన మొగుడు మత్తయి వదిలిపెట్టిన చారల డ్రాయరు అది.

కండక్టరు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు. "ఎవుర్దప్పా ఈ సీటు? గుడ్డ ఈడుంది, మనిషి యాడ?"

బస్సంతా నవ్వింది. జనాన్ని తోసుకుంటూ వచ్చిన హన్నమ్మ "నాదే, ఇట్లియ్యి" అని చేయి చాచి, మడిచి సంచిలో పెట్టుకుంది. సిగ్గుపడటానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. ఆమెకది ఎప్పుడో అయిపోయింది. ఆ సిగ్గేదో నేనే పడి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సలోమికి మాటలు రాలేదు. పిలిస్తే చూడదు. రాత్రిళ్లు నిద్రపోదు, తల్లిని పోనివ్వదు. ఆ తీరుకొక పేరుందని ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు. మందబుద్ధి అన్నవాళ్లున్నారు, గాలి సోకిందన్నవాళ్లున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేసి చిన్న శిలువ ఇచ్చారు. దర్గాలో తాయెత్తు కట్టారు. రెండూ ఒకే దారానికి వేలాడుతూ దాని మెడలోనే ఉండేవి.

హన్నమ్మ పొద్దున్నే రైసుమిల్లుకు పోయి బియ్యం చెరగాలి. ఇంట్లో అత్త బాలమ్మ. పిల్ల రోడ్డు మీదికి పరుగెత్తి లారీ కింద పడబోయిన రోజు నుంచి, ముసలామె దాని చేతిని పాత చీరపేలికతో మంచం కోడుకు కట్టేయడం మొదలుపెట్టింది. లాక్కుని లాక్కుని మణికట్టు పుండైంది.

బళ్లో మాత్రం పిల్ల పలక నిండా గీతలు గీసుకుంటూ గంటలకొద్దీ కూర్చునేది. ఎవరైనా ఆ పలక తుడిచారా, బడంతా దద్దరిల్లేది. బాలమ్మ పక్కన కూర్చుంటే ఆ గొడవ ఉండదు. హెడ్మాస్టరు సంజీవయ్యకూ అభ్యంతరం లేదు.

"ముసలామె కూచుంటే నాకేందమ్మా? రేపు ఇన్‌స్పెక్టరొచ్చి, ఒకటో తరగతిలో ఈ అవ్వెవురని అడిగితే నేనేం జెప్పాల? ఈ పిల్లకు పక్కన ఒక మనిషుండాలని నంద్యాల సర్కారు డాక్టరుతో రాపిచ్చుకురా. సోమారంలోపల తేకుంటే పేరు కొట్టేచ్చా."

ఆ కాగితం కోసమే ఈ నంద్యాల ప్రయాణం. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఒకే కథ. డాక్టరు బల్ల మీద ఒక టేబుల్ ఫ్యాను ఉంది. అది అటు తిరిగితే సలోమి తల అటు తిరిగేది, ఇటు తిరిగితే ఇటు. కిక్కురుమనేది కాదు. గుంటూరు వైపునుంచి వచ్చిన ఆ డాక్టరు మంచివాడే. "బంగారంలాంటి పిల్లమ్మా. మా ఇంట్లో ముగ్గురున్నారు, ఒక్కడు ఇలా కూర్చోడు. మాటలు వాటంతటవే వస్తాయి" అని టానిక్కు రాసి పంపేవాడు.

బస్సులో నేను ఊరుకోలేక అన్నాను. "ఆ ఫ్యాను నిలబడిపోతే బాగుండుమే. ఆయప్పకు అప్పుడు తెలుస్తాది."

"మీట గోడకే ఉందిలే అక్కా. మొదటిసారే చూసినా." హన్నమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. "అయితే ఏందీ? నా బిడ్డను కోతినాడిచ్చినట్ల ఆయప్ప ముందర ఆడియ్యమంటావా?"



ఆస్పత్రిలో వరుస కదిలి మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. ఫ్యాను తిరుగుతోంది. సలోమి తల తిరుగుతోంది. డాక్టరు నవ్వాడు. "మళ్లీ వచ్చావా? చూడు, ఎంత బుద్ధిగా ఉందో." చేయి టానిక్కు చీటీ వైపు పోయింది.

హన్నమ్మ కూతురి మణికట్టు వైపు చూసింది. లేచి గోడ దగ్గరికి నడిచి మీట కిందికి నొక్కింది.

"ఏంటమ్మా అది, ఎందుకు ఆపావ్?"

రెక్కలు నెమ్మదించి నిలిచిపోయాయి. ఆ పిల్ల గొంతులోంచి వచ్చిన అరుపుకు వరండాలో జనం లేచి నిలబడ్డారు. అది తల బల్లకేసి కొట్టుకోబోతుంటే హన్నమ్మ ఒక్క గెంతున వచ్చి, నుదుటికీ బల్లకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది. సిరాబుడ్డి ఒలికింది. పట్టుకోబోయిన కాంపౌండరు ఇమాం సాహెబ్ చేతిని పిల్ల కొరికింది. డాక్టరు కుర్చీతో సహా గోడ దాకా జరిగిపోయాడు.

"చూసినారా సార్," అంది హన్నమ్మ. దెబ్బలన్నీ ఆమె చేతి మీదే పడుతున్నాయి. "ఇంట్లో దినామూ ఇంతే."

"ముందు ఫ్యాను వెయ్యండయ్యా ఎవరైనా!"

నేనే వేశాను. ఆ తర్వాత డాక్టరు కాగితం తీసుకుని, హెడ్మాస్టరు కోరినట్లే వరుసగా రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి నా చేతికిచ్చాడు. హన్నమ్మ ముఖం మాత్రం చూడలేకపోయాడు.

సలోమి ఇంకా ఎక్కిళ్లు పెడుతూనే ఉంది. "కొంచేపు ఈడనే కూచోనియ్యండి సార్. ఫ్యాను కాడ," అని అడిగింది హన్నమ్మ. ఆయన తల ఊపాడు.

ఇమాం సాహెబ్ మణికట్టుకు దూది చుట్టుకుంటుంటే హన్నమ్మ "తప్పైపాయ అన్నా" అంది.

"దీనికేముందిలేమ్మా. మా ఇంటామె బీజాన్ మాటలకు పండ్లు లేవు గానీ, ఇంతకంటే లోతుగా దిగుతాయి" అన్నాడాయన.

హన్నమ్మ నవ్వబోయింది. సగం నవ్వులోనే గోడకు తల ఆనించి నిద్రపోయింది. వాచిన అరచెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది. డాక్టరు మిగతా రోగులను గొంతు తగ్గించి చూసుకుంటున్నాడు. ఫ్యానుతోపాటు సలోమి తల అటూ ఇటూ తిరుగుతోంది.

ఆళ్లగడ్డ బస్సు వేళయింది. తల్లిని లేపడానికి నాకు మనసొప్పలేదు. సీటు లేకపోతే ఆ బస్సులో ఏమవుతుందో కూడా నాకు తెలుసు. విసరడానికి నా దగ్గరేముంది?

పిల్లను ఒక కంట చూస్తుండమని, కాసేపాగి తల్లిని లేపి ఇద్దర్నీ పంపమని ఇమాం సాహెబ్‌కు చెప్పి, హన్నమ్మ సంచిలోంచి మత్తయి డ్రాయరు తీసి కొంగులో దాచుకుని, బస్టాండు దిక్కు నడిచాను.