బావ ఎంచుకున్న ఇంజను

పోయిన మంగళవారం పొద్దున, నేను పాఠాలు చెప్పే నిజామాబాద్ కాలేజీకి ఆర్మూర్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది మా అక్క వాళ్ల బావగారి కొడుకు. "మామా, చిన్నాయిన పోయిండు" అన్నాడు. అతనికి చిన్నాయిన అంటే మా అక్క భర్త, నాకు బావ. "పొద్దుగాల చాయ్ తాగి వరండల కూసున్నడు. చిన్నమ్మ పేపర్ సదువుతుంటె ఇన్కుంట ఉన్నడంట. ఆమె పేజీ తిప్పి సూసేటాలకు పోయిండు."

ఫోన్ పెట్టేసి ఆర్మూర్ బస్సెక్కాను. బాధ తప్పకుండా ఉంది. కానీ దానితోపాటు ఒక చిన్న నెమ్మది కూడా ఉంది. ఆఖరి ఘడియలో ఆయన చెవిన పడింది అక్క గొంతు.

ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ దగ్గర ఎవరినడిగినా ఆయన పేరు చెప్పలేకపోవచ్చు గానీ, "చిన్న కారాయన" అంటే ఇల్లు చూపిస్తారు. ఆ చిన్న కారు గురించీ, దాన్ని కొన్న రోజు గురించీ చెబితే బావ గురించి చెప్పినట్టే. అందుకే ఇది రాస్తున్నాను.

మా ప్రాంతంలో చాలామందిలాగే బావ కూడా గల్ఫ్‌కు పోయాడు. మస్కట్‌లో ఒక పెద్ద కుటుంబానికి డ్రైవరుగా పదేళ్లకు పైగా పని చేశాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఇల్లు పెళ్లివారిల్లులా ఉండేది. అన్నావదినలు, వాళ్ల పిల్లలు, చూడవచ్చిన చుట్టాలు. అందరూ కలిసి జీపు మాట్లాడుకుని బాసరకు పోయేవాళ్లు. బావ ముందు సీట్లో డ్రైవర్ పక్కన, అక్క వెనకాల ఆడవాళ్ల మధ్యలో, ఎవరో ఒకరి పిల్లను ఒళ్లో పెట్టుకుని. సెలవు అయిపోయేది. మళ్లీ విమానం.

ఎనభైల చివర్లో ఆయన పూర్తిగా తిరిగి వచ్చేశాడు. కూతురు అప్పటికే పెళ్లయి కోరుట్లకు పోయింది. కారు కొంటానన్నాడు. ఇంట్లో అందరికీ సంతోషమే. ఎలాంటి కారో చెప్పేదాకా.

"రెండే సీట్లుంటయి. ఇంగ్లండ్‌ల చేసింది. పాతదే" అన్నాడు బావ.

వాళ్ల అన్న పసుపు రైతు. తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ పొలమూ ఇల్లూ చూసుకున్నవాడు, పెద్దరికం ఉన్నవాడు. ఆయన ఆ రోజు కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరబోయిస్తున్నాడు. చేతులూ మోచేతులూ పచ్చగా ఉన్నాయి. "రెండు సీట్లదా? పసుపు బస్తా గూడ పట్టని బండి ఎందుకుర? జీపు తీస్కో. డీజిల్ ఇంజన్ పెట్టిద్దాం. చేనుకు పోతది, మార్కెట్‌కు పోతది, పదిమంది ఎక్కుతరు" అన్నాడు.

"పసుపుకు లారీ ఉన్నది అన్నా. పదిమందికి బస్సున్నది. మా ఇద్దరికే ఏం లేకపాయె" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. అన్న మాత్రం ముఖం తిప్పుకుని పార అందుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు తమ్ముడితో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ వారంలోనే బావ, అక్క, నేను సికింద్రాబాద్ పోయాం. అక్కడ ఒక ముసలి మెకానిక్ షెడ్డులో అలాంటి కార్లు రెండున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. నడుము ఎత్తు కూడా లేవు. పైన కప్పు కాదు, మడిచిపెట్టే గుడ్డ. చూడటానికి రెండూ అక్కాచెల్లెళ్లే. తేడా బానెట్ కింద ఉంది.

ఎర్రదానిలో ఆ కారుతోపాటు పుట్టిన అసలు ఇంజనే ఉంది. రెండు కార్బురేటర్లు, మంచి జోరు. ఆకుపచ్చదాని ఇంజను ఎప్పుడో పాడైతే తీసేసి అంబాసిడర్ ఇంజను బిగించారు. "రెండూ ఒకే ఖాందాన్ సాబ్. అన్నదమ్ములే. ఒకడు పహిల్వాన్, ఇంకొకడు సంసారి" అన్నాడు మెకానిక్. పహిల్వానుకు మంచి పెట్రోలు కావాలి, సామాను దొరకాలంటే బొంబాయి దాకా వెతకాలి. సంసారికి ఏ ఊరి టాక్సీ స్టాండులోనైనా వైద్యం దొరుకుతుంది. కానీ జోరు తక్కువ. కావాలంటే డీజిల్ ఇంజను కూడా పెట్టిస్తానన్నాడు. బావ వెంటనే వద్దన్నాడు. "గంత బరువు ముందట పెడితె పాపం గీ బండి మెడ వంగిపోతది."

ఆయన మనసు ఎర్రదాని మీదే ఉందని నాకు షెడ్డులో అడుగు పెట్టగానే తెలిసింది. మస్కట్‌లో ఆయన నడిపినవన్నీ పెద్ద పెద్ద కార్లు. అవి వేరేవాళ్లవి. సముద్రం పక్క రోడ్డు మీద ఇలాంటి చిన్న కారు ఒకటి పోతుంటే చూశాడట. దాని చప్పుడు ఎలా ఉండేదో నోటితో అనుకరించి మాకు వినిపించేవాడు. ఎర్రదాన్ని స్టార్ట్ చేయగానే అచ్చం ఆ చప్పుడే వచ్చింది. బావ నావైపు చూసి పిల్లాడిలా నవ్వాడు.

అక్కను ఎక్కించుకుని బేగంపేట వైపు పోయి తిరిగి వచ్చాడు. అక్క కొప్పు ఊడిపోయింది. బావ ముఖం వెలిగిపోతోంది. తర్వాత ఆకుపచ్చదాన్ని తీసి, అక్కను ఎక్కించుకుని అదే దారిలో పోయాడు. ఈసారి ఆలస్యంగా వచ్చారు. వచ్చాక కూడా వెంటనే దిగలేదు. అక్క ఏదో చెబుతోంది, ఆయన ఇంజను ఆపి వింటున్నాడు.

మెకానిక్ చాయ్ తెప్పించాడు. అక్క గ్లాసు పట్టుకుని, "ఎర్రదే తీస్కోండ్రి. మీ మొఖం సూస్తెనే ఎరుకైతున్నది. ఇన్నేండ్లు మందికి నడిపిండ్రు, మీకు నచ్చింది తీస్కోండ్రి" అంది. ఆమె మనస్ఫూర్తిగానే అంది. బావ చాయ్ తాగుతూ రెండు బండ్లనూ మార్చి మార్చి చూశాడు. ఎర్రదాని బానెట్ మీద చేయి వేసి కాసేపు ఉంచాడు. తర్వాత మెకానిక్‌తో, "పచ్చది ఇయ్యి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అడిగే సమయం కూడా లేదు, ఎందుకంటే వచ్చింది ముగ్గురం, సీట్లు రెండు. "ఏమనుకోకు బామ్మర్దీ, నువ్వు బస్సుల రా" అన్నాడు బావ. నేను బస్టాండుకు నడిచాను. తమాషా ఏమిటంటే ఆర్మూర్‌కు నేనే ముందు చేరాను. వాళ్లు దారిలో రామాయంపేటలో ఇడ్లీ తిని, కామారెడ్డిలో చాయ్ తాగి, ఎక్కడో చెరువు కట్ట మీద ఆగి, పొద్దు గూకే వేళకు వచ్చారు. అంత ఆలస్యమేమిటని అడిగితే, "తొందరపడి యాడికి పోవాలె? ఇద్దరం గీ బండిలనే ఉన్నం గద" అన్నాడు. తర్వాత తర్వాత ఆ మాట చాలాసార్లు విన్నాను.

ఎర్రది ఎందుకు వదిలేశాడో కొన్నాళ్లకు అడిగాను. ప్లగ్గులు విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఎర్రది ఉరుకుతుంటె మస్తుగుండె" అన్నాడు. "నేను దాని సప్పుడే ఇన్కుంట పోయిన. మీ అక్క ఏదో చెప్పుకుంట వచ్చింది, ఒక్క మాట ఇనవడలె. పచ్చదాంట్ల అన్నీ ఇనవడ్డయి. బాసరకు గన్నిసార్లు పోయినం, గోదారిని ఆమె సూసింది, నేను సూసిన. కలిసి సూడలె. మస్కట్‌కు క్యాసెట్ల మాట్లాడి పంపేది. నేను జవాబు చెప్పేటాలకు ఆమె అడిగిందే మర్చిపోయేది. ఇగ చాలు."

అంతే చెప్పి ప్లగ్గు బిగించుకున్నాడు. ఆయన ఆ ఎర్ర కారును మర్చిపోయాడని నేననను. రోడ్డు మీద గట్టిగా మోగే ఇంజను ఏదైనా పోతే తల అటు తిరిగేది. కానీ అది దిగులుతో చూసిన చూపు కాదు. తనకు తెలిసిన మనిషి క్షేమంగా ఉన్నాడని చూసుకున్నట్టు ఉండేది.

బండి విషయంలో ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. పొద్దున్నే ఆయిల్ చూడనిదే చాయ్ ముట్టడు. రోడ్డుకు అడ్డంగా బర్రెలు వస్తే హారన్ కొట్టడు, అవి పోయేదాకా ఆగుతాడు. బండి మొరాయిస్తే తిట్టేవాళ్లను చూస్తే ఆయనకు నచ్చేది కాదు. "తిడితె ఏమొస్తది, అదేం చెప్తున్నదో ఇను" అనేవాడు. ఇల్లు చేరాక ఇంజను ఆపి ఒక నిమిషం అలాగే కూర్చునేవాడు. పక్కన అక్క ఉంటే ఆ నిమిషం ఎంతసేపైనా సాగేది.

అన్నతో పట్టింపు ఎలా తీరిందో కూడా చెప్పాలి. తొంభైల మొదట్లో ఆ అన్నకు నిజామాబాద్‌లో కంటి ఆపరేషన్ అయింది. మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్న రోజున కొడుకు లారీ వెంట పోయి ఊళ్లో లేడు. కంటికి పట్టీతో బస్సులో తోపులాట వద్దని అన్న భార్య వచ్చి బావతో చెప్పింది. బావ కారు తీసి, గుడ్డ కప్పు బిగించి అన్న గుమ్మం ముందు ఆపాడు. అక్క తన సీట్లోంచి దిగి తలుపు పట్టుకుని నిలబడింది. అన్న అరుగు దిగి వచ్చాడు. నడుము వంచి ఆ చిన్న బండిలో కూర్చున్నాడు.

పోయేటప్పుడు ఆయన నోరు విప్పలేదట. తిరుగు ప్రయాణంలో జక్రాన్‌పల్లి దగ్గర, "గిది మంచిగనే పోతున్నది" అన్నాడట. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆపలేదు. చిన్నప్పుడు ఇద్దరూ మక్కజొన్న చేనుకు కావలి పోయిన సంగతులు, నాయన చేత తిన్న దెబ్బలు, తమ్ముడు గల్ఫ్‌కు పోయిన రోజు తాను బస్టాండులో అందరి ముందు ఏడవలేక లారీల వెనక్కి పోయి ఏడ్చిన సంగతి. ఈ ఆఖరిది బావకు అప్పటిదాకా తెలియదు.

"గీ బండిల కూసుంటె ఎవ్వలైన మాట్లాడుతరు బామ్మర్దీ. పక్కకు సూస్తె ఇంకెవ్వలుండరు గద" అన్నాడు బావ నాతో.

అప్పటినుంచి అన్న అప్పుడప్పుడు తనే వచ్చి, "ఏందిర, బండి ఖాళీగున్నదా?" అని అడిగేవాడు. అక్క నవ్వి, "నా సీటుకు గిరాకీ పెరిగింది" అనేది. మొన్న అంత్యక్రియల రోజు ఆ అన్న గుమ్మంలో ఎదురయ్యాడు. నన్ను చూసి చేయి పట్టుకుని, "వాడు చెప్పినప్పుడు నాకు సమజ్ కాలె" అన్నాడు. అర్థం కానివాళ్లలో నేనూ ఒకణ్ని. ఇప్పుడు నా పెళ్లాం ఏదైనా చెబుతుంటే చేతిలో పని ఆపి వింటున్నానంటే, అది బావ దగ్గర నేర్చుకున్నదే. ఆయన మాత్రం ఎవరికీ ఏదీ నేర్పానని అనుకోలేదు.

బావను తలుచుకుంటే నా కళ్ల ముందుకు వచ్చేది వరండాలో కుర్చీ కాదు. ఒక వేసవి సాయంత్రం నేను నిజామాబాద్ బస్సులో వస్తున్నాను. ఆర్మూర్ ఇంకా కొంత దూరముందనగా రోడ్డు పక్కన ఆ ఆకుపచ్చ కారు ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది, రేడియేటర్ నుంచి ఆవిరి సన్నగా లేస్తోంది. బండి ఆగిపోయిందేమో, దిగి సాయం చేద్దామని సీట్లోంచి లేచాను. అప్పుడు వాళ్లు కనిపించారు. కల్వర్టు గోడ మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు, చేతుల్లో కాల్చిన మక్క కంకులు. అక్క చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. బావ కంకి కొరకడం మర్చిపోయి, తల ఆమె వైపు వంచి వింటున్నాడు. ఇంజను చల్లబడాలన్న తొందర ఇద్దరిలోనూ లేదు. నేను మళ్లీ కూర్చున్నాను. బస్సు వాళ్లను దాటి పోయింది. దాని దుమ్ము మీద పడినా ఇద్దరూ తల తిప్పలేదు.