యాక్సిల్ మీద సున్నపు గీతలు

నా తమ్ముడు నాకు అల్లుడు కూడా. మా కూతుర్ని వాడికే ఇచ్చాం, మాలో అది మామూలే. నలుగురిలో అల్లుడి మర్యాద ఇస్తాను. ఇంట్లో మాత్రం వాడు నేను చంకనెత్తుకుని పెంచినవాడు, వాడి బుద్ధులన్నీ నాకు తెలుసు. అందుకే ఆ శనివారం ఉదయం కోవిల్‌పట్టిలో మా వాకిట్లో వాడు పాత కారును జాకీ మీద ఎత్తినప్పుడు, పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికల్లా మా ముసలాయన్ని, అంటే నా మొగుణ్ణి, విరుదునగర్‌లో కంటి ఆసుపత్రిలో చేర్చాలి. మొదటి కంటి ఆపరేషన్ తర్వాత బస్సులో తీసుకొచ్చాం. దుమ్ము పడి, చీము పట్టి, ఆ కన్ను పోయింది. ఇక మిగిలింది ఒక్కటే. ఈసారి బస్సు మాటే వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బాడుగ కారుకు డబ్బు తగలేయడం నాకు గిట్టదని ఆ మాట నా ముందు ఎవరూ ఎత్తరు. సొంత కారుకేమో ముందు ఎడమవైపు షాక్ అబ్జార్బర్ నూనె కారి, చిన్న గుంటలో పడినా ఒళ్ళంతా అదిరిపోతోంది.

ఈ కారు అమ్మేయమని తమ్ముడు ఏడాదిగా నస పెడుతున్నాడు. అలాంటివాడు బాగుచేస్తానని తనంతట తానే వచ్చాడు. నాకు అక్కడే అనుమానం.

"ఇది కొత్తదేనా రా? పాతదానికి పెయింటు కొట్టి ఇచ్చినారా?" అన్నాను, వాడు తెచ్చిన సామాను తిప్పి చూస్తూ.

"కొరికి చూడక్కా, పండ్లు ఉండే కాడికి."

చక్రం ఊడదీయగానే లోపల యాక్సిల్ కనబడింది. ఇంజను బలాన్ని చక్రానికి తెచ్చే ఇనుప కడ్డీ అదేనట. దాని లోపలి కొసను ఒక ఇనుప గిన్నెలోకి దూర్చి, పైన రబ్బరు తొడుగు వేసి ఉంది. మంచి కడ్డీ మార్చి పాతది పెడితే నాకేం తెలుస్తుంది? మిరప మూటలు విరుదునగర్ మండీకి పంపేటప్పుడు ప్రతి మూట మీదా సున్నంతో గీత పెట్టడం మా అలవాటు. తమలపాకుల పళ్ళెంలో సున్నం తీసి, తొడుగుకు అటు గిన్నె మీద ఒక గీత, ఇటు కడ్డీ మీద ఒక గీత పెట్టాను. మధ్య దూరం వేళ్ళతో కొలిచాను. సరిగ్గా ఐదు వేళ్ళు.

"మామ ఇండ్లోనే నన్ను దొంగను చేస్తా ఉండావే," అన్నాడు తమ్ముడు, నవ్వుతూనే.

పాత షాక్ అబ్జార్బర్ చేతికి వచ్చేసరికి తొమ్మిదయింది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. కంటి కోసం పోయే బండికి కొత్త సామాను రాహుకాలంలో బిగించడమా?

"చేయి తీయరా. రాగుకాలం పోనీ."

"బిగించనులే అక్కా. అయితే షాక్ పట్టు లేక బ్రేకు, చక్రం తగిలించే హబ్బు అంతా బరువుతో బయటికి వాలతా ఉండాది. తాడేసి కట్టేస్తా."

"ఏదీ ముట్టొద్దంటే ముట్టొద్దు."

మధ్యలో ముసలాయనకు చుక్కల మందు వేయడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వాడు తాడు పట్టుకుని చక్రం చోట గొంతుక్కూర్చున్నాడు. తాడు లాక్కున్నాను. గొణుక్కుంటూ టీ అంగడికి పోయాడు.

పదిన్నర తర్వాత కొత్తది బిగించి, చక్రం తగిలించి, కారు కిందికి దింపాడు. స్టార్ట్ చేసి గేరు వేస్తే ఇంజను అరిచింది, కింద కటకటమంది. బండి జానెడు కదల్లేదు. రెండుసార్లు చూశాడు, మూడోసారి దిగి తల గోక్కున్నాడు.

"ఏం మార్చినావురా? నేను లోపలికి పోయిండేటప్పుడు ఏం చేసినావు? బండి అమ్మించేదానికేనా ఈ నాటకం?"

వాడి ముఖం నల్లబడింది. "నీ మొగుడి కన్ను పణం పెట్టి నాటకం ఆడతానా అక్కా?" అన్నాడు. మళ్ళీ జాకీ ఎత్తి చక్రం తీశాడు. "చూసుకో నీ సున్నం."

వంగి చూశాను. నా గీతలు నా గీతలే. కడ్డీ మారలేదు. వేళ్ళు పెట్టి కొలిచాను. ఏడు వేళ్ళు! మళ్ళీ కొలిచాను, ఏడే. ముడతలు ముడతలుగా ఉండిన రబ్బరు తొడుగు సాగి నున్నగా ఉంది.

తమ్ముడు నా చేతి వంక చూశాడు. "లోపల కడ్డీ కొస గిన్నెలోంచి ఊడొచ్చేసింది. బలం చక్రానికి ఎట్లా వచ్చేది? గంటన్నర ఆ బరువు ఏలాడి లాగేసింది," అన్నాడు. కట్టకుండా ఆపిన తాడు నా పీట కిందే ఉంది.

షాక్ అబ్జార్బర్ కింది రెండు బోల్టులూ తీయాలి, హబ్బును లోపలికి నెట్టి కడ్డీ కొసను గిన్నెలో కూర్చోబెట్టాలి. ఒక బోల్టు మొండికేసి, అది వచ్చేసరికి ఒకటిన్నర అయింది. శనివారం ఒకటిన్నర నుంచి మూడు దాకా యమగండం. ఆ సంగతి వాడికీ తెలుసు.

స్పానర్ పట్టుకుని ఆగాడు. "యమగండం అక్కా. ఆపేదా?"

లోపలి నుంచి ముసలాయన "బయలుదేరేదా?" అని అడుగుతున్నాడు. నల్లద్దాలు అప్పుడే పెట్టేసుకున్నాడు పాపం.

తాడు తీసి నేనే హబ్బుకు చుట్టి, పై స్ప్రింగుకు బిగించి కట్టాను, పాలు పిండేటప్పుడు ఆవు కాళ్ళకు వేసే ముడితో. "నెట్టరా," అన్నాను. వాడు నెట్టాడు. లోపల ఎక్కడో టక్‌మంది. వేళ్ళు పెట్టాను. ఐదు.

వాడు బోల్టులు బిగించాడు, నేను తాడు విప్పాను. రెండుంబావుకు బయలుదేరాం. సాత్తూరు దాటేదాకా నా చెవి ఎడమ చక్రం మీదే. దారిలో మురుకులు కొనేటప్పుడు, బండి నడుపుతున్న తమ్ముడి కోసం వేరుగా కట్టించిన పొట్లం ముందు సీట్లోకి అందించాను. తీసుకున్నాడు.

వెనక నా పక్కన కూర్చున్న ముసలాయన నా ఒడి తడిమి చూశాడు.

"ఏమే, ఆసుపత్రికి తాడు ఎందుకే?"