లకుముకి పిట్ట కింద నా పేరు

మా ఫోటోల గ్రూపులో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఫోటో పెట్టినా మిగతావాళ్ళు అందులో ఒక్క తప్పైనా చెప్పాలి. సూపర్ అని బొటనవేలు చూపించి తప్పుకుంటే కుదరదు. ఆదివారం పొద్దున్న చోడవరం బస్సు కాంప్లెక్సు ఎదురుగా టీ కొట్టు దగ్గర కలిసినా అంతే. మెడికల్ షాపు ఆయన తీసిన కొండల మీద రిటైరైన లెక్కల మాస్టారు విరుచుకుపడతారు. మాస్టారి కొంగల్ని ఆయన చీల్చి చెండాడతారు. దారిన పోయేవాళ్ళు పొలం గట్టు తగాదా అనుకుంటారు.

నా ఫోటో దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇద్దరూ మెత్తబడిపోతారు. "బాగుందమ్మా, చాలా బాగుంది" అంటారు. గ్రూపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. బడిలో నేను గొంతు పెంచితే పిల్లలు గప్‌చిప్‌గా కూర్చుంటారు. ఇక్కడ మాత్రం నేనే బొమ్మ గీసి తెచ్చిన ఒకటో తరగతి పిల్లని. తిట్టించుకోవడానికి కూడా యోగ్యత ఉండాలని ఆ బెంచీ మీదే తెలిసింది. ఆ మంటంతా ఇంటికి తెచ్చి మా ఆయన మీద కుమ్మరించేదాన్ని.

మా ఆయనది చెరకు సేద్యం. నా ఫోటోల గోల ఆయనకు పట్టదు. నన్ను బండి మీద ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తారు. "ఒసే, పిట్ట కోసం ఇంత తపస్సు సేస్తన్నావు, నాకోసం ఎప్పుడైనా సేసేవేటే?" అని ఎగతాళి చేసి, చెట్టు నీడన తువ్వాలు పరుచుకుంటారు.

కిందటి చలికాలం చీడికాడ అవతల, కొండల కింద ఒక చెరువుకు వెళ్ళాం. నీళ్ళలో పొడుచుకొచ్చిన మోడు మీద లకుముకి పిట్ట వచ్చి వాలుతోంది. కెమెరాను స్టాండుకు బిగించి, మోడు మీద ఫోకస్ పెట్టుకుని పొద్దున్నుంచి కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి, స్టాండు పడిపోకుండా చూడమని ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాను. ఇటు తిరిగానో లేదో వెనక కెమెరా టకటకలాడింది.

"సేపని పైకెగరేసిందే! మీట నొక్కేసేను. ఏటీ పాడైపోనేదు గదా?" అని ఆయన కంగారు.

పాడవలేదు. పిట్ట ముక్కు తెరిచి తల ఎత్తింది. చేప దాని పైన గాలిలో ఉంది. నీటిచుక్కలు ఇంకా కింద పడలేదు. ఏళ్ళ తరబడి నేను పడిగాపులు కాసిన ఫోటో అది. నాకు ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాతే సంతోషం. ఆయనైతే ఆ చిన్న తెర వదల్లేదు. "ఇది నాను తీసేనా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు.

నేను ఫోటోలు సరిచేసుకునే యాప్‌లో నా పేరు మూలన దానంతటదే పడేలా పెట్టుకున్నాను. దీని మీదా పడింది. గ్రూపులో పెట్టాక గాని చూసుకోలేదు. ఇది మావారు తీసినది అని కింద రాస్తుండగానే మెడికల్ షాపు ఆయన మెసేజి వచ్చింది. చేప పొట్ట మీద వెలుగు ఎక్కువైందట, అక్కడ వివరం పోయిందట. కాదు, ఆ మోడు నడిమధ్యన ఉండటమే పెద్ద తప్పన్నారు మాస్టారు. ఇద్దరూ వాదులాటకు దిగారు. ఎవరూ అమ్మా అనలేదు, ఎవరూ మెత్తబడలేదు. రాసింది చెరిపేసి, ఆ తిట్లు పాయసం తాగినట్టు చదువుకున్నాను.

"మీవోళ్ళు ఏటన్నారు? నాను తీసేనని సెప్పేవా?" అని అన్నం దగ్గర అడిగారు.

చెప్పానన్నాను. ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారు.

ఆ ఆదివారం ఎన్నడూ లేనిది ఆయన కూడా టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. మాస్టారు ఫోన్లో ఆ ఫోటో తెరిచి ఆయన ముందే పెట్టి, మోడు నడిమధ్యన ఉన్నందుకు మళ్ళీ దులిపి, "పిట్ట చేపని ఎగరేస్తుందని ముందే ఎలా పసిగట్టారమ్మా?" అని నన్ను అడిగారు. మా ఆయన ఫోటో చూశారు, మూలన నా పేరు చూశారు, ఒక్కసారి నా మొహం చూశారు. నేను గ్లాసులోకి చూశాను.

"పొద్దున్నుంచి కదల్లేదండి బాబూ. మజ్జిగ తాగమన్నా ఇన్నేదు. మా ఆవిడ ఓపిక మీకు తెల్దు" అన్నారాయన నవ్వుతూ.

తిరిగొస్తూ బండి మీద, ఇవాళే గ్రూపులో నిజం చెప్పేస్తానన్నాను.

"ఎందుకే ఇప్పుడు? ఇన్నాళ్ళకి సక్కగా తిడతన్నారు గదా నిన్ను" అన్నారు.

ఒక్క మాట కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పి తేలికపడేదాన్ని. సిగ్గుతో ఆయన వీపు కేసి చూడలేకపోయాను. ఇంటికెళ్ళి చెప్పులైనా విడవకుండా రాశాను, ఆ ఫోటో తీసింది మావారు, నేను కాదు అని.

దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. పతిభక్తి అంటే ఇదీ అన్నారు మెడికల్ షాపు ఆయన. మీవారే మా ఎదుట చెప్పారు కదమ్మా, మరీ అంత వినయం పనికిరాదు అన్నారు మాస్టారు. నిజంగా ఆయనే అని మళ్ళీ రాస్తే నవ్వే బొమ్మలు వచ్చాయి. నన్ను కాపాడడానికి ఆయన ఆడిన అబద్ధం ముందు నా నిజం నిలబడలేదు. ఆ తిట్లు వదులుకోలేని స్వార్థం కూడా నాలో ఉంది. మూడోసారి రాయలేదు.

మొన్న మళ్ళీ ఆ చెరువుకే వెళ్ళాం. స్టాండు బిగించి, ఈసారి మీరు కూర్చోండన్నాను. ఆయన కదల్లేదు. పిట్ట వచ్చి వాలింది. రండి, త్వరగా నొక్కండి అని చెయ్యి పట్టుకుని లాగాను.

"నువ్వు తియ్యే" అన్నారు మెల్లగా చెయ్యి విడిపించుకుంటూ. "నాను తీసినా ఎవులు నమ్ముతారు?"